తొమ్మిది ముక్కల బొంతకు కొత్త రూపు: కుట్టిన బ్లాకును కోసి, తిప్పి, మళ్లీ కుట్టే పద్ధతి

బొంత కుట్టడం నేర్చుకునేవారు సాధారణంగా ‘నైన్ ప్యాచ్’ నమూనాతో మొదలుపెడతారు. ఒకే కొలత గల తొమ్మిది చదరపు ముక్కలను వరుసకు మూడు చొప్పున మూడు వరుసలుగా కుడితే ఒక బ్లాకు తయారవుతుంది, అలాంటి బ్లాకులు కొన్ని కలిస్తే బొంత పైపొర సిద్ధమవుతుంది. ఇందులో వంపులు లేవు, త్రికోణాలు లేవు, కుట్లన్నీ తిన్నగా సాగుతాయి కాబట్టి మిషను మీద చేయి కుదరడానికి ఇంతకంటే మంచి నమూనా లేదు. అయితే ఒకటి రెండు బొంతలు పూర్తయ్యాక, ఎన్ని రంగులు మార్చినా చదరంగపు బల్లలాగే కనిపిస్తోందన్న అసంతృప్తి మొదలవుతుంది. ఆ దశలో చాలామంది ఈ నమూనాను పూర్తిగా వదిలిపెట్టి, నక్షత్రాలకో వంపు ముక్కలకో వెళ్లి, కొలతలు కలవక పనిని సగంలో ఆపేస్తారు. నమూనాను వదలవలసిన అవసరం లేదనీ, అందులో ఒక్క నిర్ణయాన్ని మాత్రం మార్చి, మిగిలినవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాలనీ నా అనుభవం చెబుతోంది. ఒకేసారి రంగులూ, కొలతలూ, కోతా, అమరికా అన్నీ మార్చితే, బొంత బాగా వచ్చినా రాకపోయినా దానికి కారణం ఏమిటో తెలియదు.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరి స్త్రీలు కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ నగరంలోని లలితకళల మ్యూజియంలో ప్రదర్శించారు. వాటిలో ఎన్నో ‘హౌస్‌టాప్’ అనే అతి తేలిక నమూనాలోనివి, అంటే నడుమ ఒక ముక్క, దాని చుట్టూ చదరంగా తిరిగే పట్టీలు. నమూనా అదే అయినా పట్టీ వెడల్పులోనో రంగు ఎక్కడ మారుతుందన్న దానిలోనో కుట్టినవారు చేసిన మార్పు వల్ల ఒక బొంత మరొక బొంతలా ఉండదు. ఈ వ్యాసంలో మనం మార్చబోయేది కూడా ఒక్కటే: కుట్టడం పూర్తయిన నైన్ ప్యాచ్ బ్లాకును నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కోసి, వచ్చిన నాలుగు భాగాలను తిప్పి మళ్లీ కలపడం. బొంతలు కుట్టేవారు దీనిని ‘డిసప్పియరింగ్ నైన్ ప్యాచ్’ అంటారు, కోసి తిప్పిన తరువాత అసలు తొమ్మిది చదరాలు ఎక్కడ ఉండేవో పోల్చుకోలేము కాబట్టి ఆ పేరు.

కోత వల్ల ఏ ముక్క ఏమవుతుంది

కత్తెర పట్టే ముందు లెక్క అర్థం చేసుకోవాలి. 5 అంగుళాల చదరాలు తొమ్మిది తీసుకుని, ప్రతి కుట్టుకూ పావు అంగుళం మార్జిన్ వదిలి కుడితే, ఒక వైపు మూడు ముక్కలు కలిసి 15 అంగుళాలు ఉండవలసినది రెండు కుట్లలో అంగుళం పోయి 14 అంగుళాలు అవుతుంది. దానిని సరిగ్గా నడుమకు, అంటే 7 అంగుళాల దగ్గర, నిలువుగా, అడ్డంగా కోస్తే 7 అంగుళాల చదరపు భాగాలు నాలుగు వస్తాయి. వీటిని పావు బ్లాకులు అందాం. ప్రతి పావు బ్లాకులోనూ ఒక పెద్ద చదరం, రెండు పొడవాటి ముక్కలు, ఒక చిన్న చదరం ఉంటాయి. కుట్లన్నీ పూర్తయి బొంతలో కనిపించేటప్పుడు పెద్ద చదరం 4.5 అంగుళాలు, పొడవాటి ముక్కలు 2 అంగుళాల వెడల్పుతో 4.5 అంగుళాల పొడవు, చిన్న చదరం 2 అంగుళాలు ఉంటాయి.

పెద్ద చదరం మొదటి బ్లాకులోని మూల ముక్క, అది కోతకు గురి కాదు. పొడవాటి ముక్కలు రెండూ మూలల నడుమ ఉన్న పక్క ముక్కలలో సగాలు. చిన్న చదరం నట్టనడిమి ముక్కలో నాలుగో వంతు. ఇదంతా, కోసి తిప్పి కలిపి చుట్టూ కుట్లు కూడా పూర్తయ్యాక మిగిలే 13 అంగుళాల బ్లాకులో చూస్తే, మొత్తం 169 చదరపు అంగుళాలలో మూల ముక్కల బట్ట 81, పక్క ముక్కల బట్ట 72, నడిమి బట్ట 16 మాత్రమే ఆక్రమిస్తాయి. అందువల్ల మూల ముక్కల బట్ట బొంత స్వభావాన్ని నిర్ణయిస్తుంది, పక్క ముక్కల బట్ట వాటి నడుమ సాగే పట్టీలవుతుంది, నడిమి బట్ట అక్కడక్కడా మెరిసే చుక్కలవుతుంది. ఈ మూడు పాత్రలు మనసులో పెట్టుకుంటే బట్టల ఎంపికలో తడబాటు ఉండదు.

కొత్తగా నేర్చుకునేవారికి ఈ మార్పును నేను సూచించడానికి మరొక కారణం బట్ట నేతలో ఉంది. బట్టను పడుగు వెంట గాని పేక వెంట గాని కోస్తే అంచు పెద్దగా సాగదు, ఏటవాలుగా కోస్తే సాగుతుంది. త్రికోణాల నమూనాలు మొదటిసారి కుట్టినవారికి ముక్కలు వంకర పోవడానికి చాలాసార్లు ఆ సాగుడే కారణం. ఇక్కడ మనం కోసే రెండు కోతలూ నేత దారాల వెంటే సాగుతాయి కాబట్టి, బొంత రూపం పూర్తిగా మారినా ఒక్క ఏటవాలు అంచు కూడా పుట్టదు.

బట్టల ఎంపిక

రంగు కంటే ముందు చూడవలసినది వెలుగు నీడల తేడా, అంటే ఆ బట్ట లేతదా, ముదురుదా, మధ్యస్థమా అన్నది. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే కంటికి ఎంతో తేడాగా కనిపిస్తాయి, కాని రెండూ ఒకే ముదురులో ఉంటే నాలుగడుగుల దూరం నుంచి చూసినప్పుడు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దీనిని పరీక్షించడానికి తేలికైన మార్గం, బట్టలను వరుసగా పరిచి ఫోనుతో ఫొటో తీసి, ఆ ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడడం. ఫొటోలో మూడు పాత్రల బట్టలు మూడు వేర్వేరు ఛాయల్లో కనిపిస్తే ఎంపిక కుదిరినట్లే.

పెద్ద పువ్వులు, పెద్ద ఆకులు ఉన్న బట్టలను మూలలకు వాడండి, ఎందుకంటే కోత తగలని చోటు అదొక్కటే. పక్క ముక్కలకు సాదా బట్ట గాని చాలా చిన్న డిజైను గాని మంచిది. చారల బట్టను పక్క ముక్కలకు వాడితే తిప్పినప్పుడు చారలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా వస్తాయి. అది ఉద్దేశపూర్వకంగా చేస్తే అందంగా ఉంటుంది, చూసుకోకుండా చేస్తే పొరపాటులా కనిపిస్తుంది. నడిమి ముక్కకు మాత్రం మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే గాఢమైన రంగును ధైర్యంగా తీసుకోండి. పదో వంతు కూడా ఆక్రమించని బట్ట కాబట్టి ఎంత గాఢమైనదైనా బొంతను మింగేయదు. లేత రంగు పెడితే మాత్రం ఆ చిన్న చదరాలు కనిపించకుండా పోతాయి.

నేను మొదటిసారి ఈ పద్ధతిలో కుట్టినప్పుడు నాలుగు మూలలకూ ఒకే నీలం బట్ట వాడి, ప్రతి పావు బ్లాకునూ అర చుట్టు, అంటే పైది కిందికి వచ్చేలా, తిప్పేశాను. నాలుగు పెద్ద చదరాలు నడుమకు వచ్చి కలిసి 9 అంగుళాల ఒకే నీలపు పలకగా మారాయి. అంత శ్రమపడి కోసిన ఫలితం కంటికి కనిపించలేదు, ఆ బొంత మొత్తం విప్పి మళ్లీ అమర్చవలసి వచ్చింది. అప్పటి నుంచి మూలలకు కనీసం నాలుగు వేర్వేరు బట్టలు, ఒకే ఛాయకు దగ్గరగా ఉన్నవి, తీసుకుంటున్నాను. మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్న సలహాల్లో ఇది మొదటిది.

మందంగా, కుదురుగా ఉండే నూలు బట్టే మొదటి బొంతకు సరైనది. ముదురు రంగులు, వాడిన బట్టలు కలిసి ఉంటే అన్నిటినీ ముందే ఉతికి ఆరబెట్టి ఇస్త్రీ చేయాలి. 5 అంగుళాల చదరాలుగా కోసి అమ్మే ‘చార్మ్ ప్యాక్’ కొన్నట్లయితే వాటిని ఉతకకూడదు, అంచులు పోగులూడి కొలత తగ్గిపోతుంది.

కొలతలూ, పట్టీలూ

వరుసకు మూడు చొప్పున నాలుగు వరుసలు, అంటే 12 బ్లాకులు కుడితే 39 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు వస్తుంది. చుట్టూ 3 అంగుళాల అంచు కలిపితే 45 అంగుళాల వెడల్పు, 58 అంగుళాల పొడవు అవుతుంది. ఒడిలో కప్పుకోవడానికి గాని పిల్లల మంచానికి గాని ఇది సరిపోతుంది. దీనికి మూల ముక్కలు 48, పక్క ముక్కలు 48, నడిమి ముక్కలు 12 కావాలి. 42 అంగుళాల పన్నా గల బట్టలో 5 అంగుళాల పట్టీ ఒకటి కోస్తే ఎనిమిది చదరాలు వస్తాయి కాబట్టి, మూలలకు 6 పట్టీలు, పక్కలకు 6 పట్టీలు, నడిమికి 2 పట్టీలు చాలు.

చదరాలను విడివిడిగా కోసి కుట్టడం కంటే పట్టీలుగానే కుట్టి తరువాత కోయడం మేలు. మూల, పక్క, మూల పట్టీలను పొడవునా కలిపి కుడితే ఒక రకం, పక్క, నడిమి, పక్క పట్టీలను కలిపితే రెండో రకం. వీటిని అడ్డంగా 5 అంగుళాలకు ఒకటి చొప్పున కోస్తే, మూడేసి చదరాలు ముందే కలిసి ఉన్న వరుసలు చేతికి వస్తాయి. మొదటి రకంవి బ్లాకుకు రెండు చొప్పున 24, రెండో రకంవి 12 కావాలి. మూలలకు వేర్వేరు బట్టలు వాడేవారు మొదటి రకం పట్టీల జతలను మారుస్తూ కుట్టాలి.

జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో గుండ్రటి బ్లేడు గల రోటరీ కట్టర్‌ను తెచ్చిన తరువాత, స్కేలు ఆధారంగా అనేక పొరలను ఒకేసారి తిన్నగా కోయడం ఇంటి పనిలో సాధ్యమైంది. కుట్టిన బ్లాకును మళ్లీ కోసే ఇలాంటి పద్ధతులకు ఆ పనిముట్టు ఎంతగానో తోడ్పడింది. కట్టర్‌ను ఎప్పుడూ శరీరానికి దూరంగా తోయాలి, ప్రతి కోత తరువాత బ్లేడును మూయాలి. ఈ రెండు అలవాట్లను మొదటి రోజే చేసుకోవాలి. కత్తెరతో కూడా ఈ పని చేయవచ్చు, కాని గీత గీసుకుని ఒక్కొక్క బ్లాకునే కోయాలి.

కుట్టడం, ఇస్త్రీ చేయడం

పావు అంగుళం కుట్టు ఖచ్చితంగా పడుతోందా అన్నది అసలు బట్ట మీద కాక, తుక్కు బట్ట మీద పరీక్షించండి. 1.5 అంగుళాల వెడల్పు గల మూడు పట్టీలను కలిపి కుట్టి ఇస్త్రీ చేస్తే మొత్తం వెడల్పు 3.5 అంగుళాలు, నడిమి పట్టీ సరిగ్గా 1 అంగుళం ఉండాలి. తక్కువ వస్తే కుట్టు లోపలికి పడుతోంది, ఎక్కువ వస్తే అంచుకు దగ్గరగా పడుతోంది. సూది నుంచి సరైన దూరంలో మిషను పలక మీద టేపు అంటించి, దానికి ఆనించి బట్టను నడిపితే తేడా పోతుంది. ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది, మానేస్తే 12 బ్లాకులు పన్నెండు కొలతల్లో వస్తాయి.

కుట్టు మడతలను ఎటు వంచి ఇస్త్రీ చేయాలన్నదానికి ఇక్కడ ఒక్క నియమం సరిపోతుంది: ఎప్పుడూ పక్క ముక్కల బట్ట వైపే వంచండి. అప్పుడు మొదటి రకం వరుసలో మడతలు లోపలికి, రెండో రకం వరుసలో బయటికి తిరుగుతాయి. రెండు వరుసలను ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు ఎదురెదురు మడతలు ఒకదానికొకటి ఆనుకుని కుదురుకుంటాయి, కూడళ్లు గుండుసూది లేకుండానే కలుస్తాయి. ఇస్త్రీ పెట్టెను బట్ట మీద రుద్దకుండా, ఎత్తి పెడుతూ నొక్కాలి. రుద్దితే తిన్నగా కోసిన ముక్క కూడా వంకర తిరుగుతుంది.

నాలుగుగా కోయడం

బ్లాకును కోతకు వాడే మ్యాట్ మీద పరిచి, స్కేలును బయటి అంచు నుంచి కాక నడిమి చదరం కుట్టు నుంచి కొలవండి. నడిమి చదరం కుట్టు నుంచి కుట్టుకు 4.5 అంగుళాలు ఉంటుంది కాబట్టి, ఒక కుట్టు నుంచి 2.25 అంగుళాల దగ్గర కోస్తే సరిగ్గా మధ్యకు వస్తుంది. బయటి అంచులు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా చిన్న చదరాలన్నీ ఒకే కొలతలో వస్తాయి. నిలువుగా కోసిన తరువాత ముక్కలను కదపకుండా మ్యాట్‌నే తిప్పి, అడ్డకోత కోయాలి.

48 పావు బ్లాకులూ వచ్చాక అన్నిటినీ కొలవండి. 7 అంగుళాలు రావలసినవి కొన్ని 6.75 వస్తే కంగారు పడవలసిన పనిలేదు, అన్నిటినీ ఆ చిన్న కొలతకే సరిచేయాలి. ఆ అదనపు బట్టను పెద్ద చదరం ఉన్న రెండు వైపుల నుంచే తీసివేయండి. చిన్న చదరం వైపు పావు అంగుళం తగ్గినా కంటికి తెలుస్తుంది, పెద్ద చదరంలో తెలియదు. పావు బ్లాకు 6.75 అంగుళాలకు తగ్గితే బొంత మొత్తం వెడల్పు ఒకటిన్నర అంగుళాలు, పొడవు రెండు అంగుళాలు తగ్గుతుంది, అంతే.

తిప్పి అమర్చడం

అసలైన ఆనందం ఉన్నది ఇక్కడే, కాబట్టి ఒక పూట పూర్తిగా దీనికి కేటాయించండి. పావు బ్లాకులను నేల మీద గాని, గోడకు కట్టిన ఫ్లానెల్ బట్ట మీద గాని వరుసకు ఆరు చొప్పున ఎనిమిది వరుసలుగా పరచండి.

మొదటి అమరికలో ఎదురెదురు మూలల్లోని రెండు పావు బ్లాకులను మాత్రం అర చుట్టు తిప్పాలి, మిగిలిన రెండు అలాగే ఉండాలి. పట్టీలు ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్లు కనిపిస్తాయి. చూడడానికి ఇది క్లిష్టమైన నమూనాలా ఉంటుంది, కాని ఒక పావు బ్లాకు కుట్టు పక్కదాని కుట్టుకు ఎదురుగా రాదు, ఒకటి 4.5 అంగుళాల దగ్గర, ఇంకొకటి 2 అంగుళాల దగ్గర పడతాయి. అందువల్ల పావు బ్లాకు లోపలి కుట్లను కలపవలసిన బాధ ఉండదు. మొదటిసారి కుట్టేవారికి నేను దీనినే సూచిస్తాను.

రెండో అమరికలో నాలుగింటినీ ఒకే దిశలో పావు చుట్టు తిప్పాలి. బ్లాకు మధ్య నుంచి గాలిమర తిరుగుతున్నట్లు కదలిక కనిపిస్తుంది. ఇక్కడ కూడా బ్లాకు లోపల కుట్లు ఎదురుపడవు. బొంతలో సగం బ్లాకులను కుడికి, సగం ఎడమకు తిప్పితే ఆ కదలిక చెదిరిపోతుంది, అన్నీ ఒకే దిశలో తిరిగితేనే బాగుంటుందని నాకనిపిస్తుంది.

మూడో అమరిక నేను పైన చెప్పిన పొరపాటుకు మూలమైనది, నాలుగింటినీ అర చుట్టు తిప్పడం. మూలలకు నాలుగు వేర్వేరు బట్టలు ఉంటే అదే అమరిక చాలా నిండుగా ఉంటుంది: నాలుగు రంగుల పెద్ద చదరం, దాని చుట్టూ పట్టీ, ఆ పట్టీ మూలల్లో గాఢమైన చుక్కలు. కుట్లు అన్నిచోట్లా ఎదురుపడతాయి కాబట్టి గుండుసూదులు పెట్టి ఓపికగా కుట్టగలవారికే ఇది తగినది.

పన్నెండు బ్లాకులలో రెండు మూడింటిని కోయకుండా ఉంచడం కూడా నాకు ఇష్టమైన మార్పు. అల్లికల నడుమ అవి కంటికి విశ్రాంతినిస్తాయి. పక్క బ్లాకులతో కలపకముందు కోయని బ్లాకు 14 అంగుళాలు, కోసి మళ్లీ కుట్టినది 13.5 అంగుళాలు ఉంటుంది కనుక, కోయని దాని నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున తీసివేయాలి.

నచ్చిన అమరిక దొరికాక ఫొటో తీసి ఉంచుకోండి. ప్రతి వరుస మొదటి ముక్కకు అంకె రాసిన కాగితం గుచ్చి, వరుసల వారీగా కుట్టండి. ఈ దశలో కుట్టు మడతలను రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేస్తే, మందం ఒకచోట పోగుపడకుండా పైపొర చదునుగా ఉంటుంది.

తొమ్మిది ముక్కలు కూడా ఎక్కువనిపించేవారు నాలుగు ముక్కలతో ఇదే ప్రయోగం చేయవచ్చు. 5 అంగుళాల లేత చదరాలు రెండు, ముదురువి రెండు ఎదురెదురు మూలల్లో పెట్టి కుడితే 9.5 అంగుళాల బ్లాకు వస్తుంది. నడిమి కుట్టుకు ఇరువైపులా అంగుళం దూరంలో నిలువుగా రెండు, అడ్డంగా రెండు కోతలు కోసి, మూలలనూ నడిమి ముక్కనూ అలాగే ఉంచి, పక్కనున్న నాలుగు సన్నటి ముక్కలను మాత్రం అర చుట్టు తిప్పి కుట్టాలి. బ్లాకు పూర్తయ్యాక 8 అంగుళాలు అవుతుంది.

పొరలు కలపడం, అంచు కట్టడం

చుట్టూ వేసే అంచుకు 3.5 అంగుళాల పట్టీలు కోసి, పొడవు వైపులకు ముందు, వెడల్పు వైపులకు తరువాత కుట్టండి. పట్టీ పొడవును పైపొర అంచు వెంట కొలవకూడదు, నడుమగా కొలవాలి. అంచులు ఇస్త్రీకి, చేతికి సాగి ఉంటాయి, వాటి కొలతకు పట్టీ కోస్తే బొంత అంచులు అలలు తేలుతాయి.

అడుగు బట్టా, నడుమ దూది పొరా పైపొర కంటే ప్రతి వైపూ కనీసం 3 అంగుళాలు పెద్దవిగా ఉండాలి. 42 అంగుళాల పన్నా బట్ట అడుగుకు చాలదు, రెండు బారలు కలిపి కుట్టుకోవాలి. అడుగు బట్టను తిరగేసి నేల మీద బిగువుగా పరిచి టేపుతో అంటించి, దాని మీద దూది పొర, ఆపై పైపొర వేసి, నడుమ నుంచి బయటికి బెత్తెడు దూరానికొక పిన్నీసు పెట్టండి. మూడు పొరలనూ కలిపే కుట్టు కూడా నడుమ నుంచే మొదలవ్వాలి. మిషనుకు ‘వాకింగ్ ఫుట్’ బిగిస్తే పొరలు జరగకుండా కలిసి కదులుతాయి. పైన అంత కదలిక ఉన్న బొంతకు కుట్టు సాదాగా ఉండాలని నా అభిప్రాయం: పావు బ్లాకుల కలయికలకు పావు అంగుళం దూరంలో తిన్నటి గీతలు చాలు. ఎంత దూరంలో కుట్టు పడాలన్నది దూది పొర కవరు మీద రాసి ఉంటుంది, దానిని మించితే ఉతుకులో దూది జరిగిపోతుంది.

మూడు పొరల అంచులనూ కలిపి కప్పే చివరి పట్టీకి 2.5 అంగుళాల వెడల్పు గల పట్టీలు ఆరు కోసి, ఏటవాలు కుట్టుతో ఒకదానికొకటి కలిపి, పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. నడిమి ముక్కలకు వాడిన గాఢమైన బట్టనే దీనికి వాడితే లోపలి చుక్కలకు, బయటి గీతకు పొత్తు కుదురుతుంది. పట్టీని ముందు వైపు మిషను మీద కుట్టి, మూలకు పావు అంగుళం ముందు ఆగి, పట్టీని పైకి మడిచి, మళ్లీ కిందికి దించి రెండో వైపు కుట్టు మొదలుపెట్టాలి. తరువాత పట్టీని వెనక్కు తిప్పి, మిషను కుట్టు కనిపించకుండా కప్పి, చేతి సూదితో దాపుడు కుట్టు వేసుకుంటూ రావాలి. మూల దగ్గర మడత విడిపోకుండా రెండు టాకాలు అదనంగా వేసి దారం ముడివేయండి.